బావంచాల గుట్టు చెప్పిన బ్యాక్టీరియా

పచారీ కొట్లో బావంచాలు అడిగితే పెసలంత నల్లటి గింజలు పొట్లం కట్టి ఇస్తారు. బొల్లి మచ్చలకు వీటిని నూరి పూసి, ఎండలో కూర్చోబెట్టడం నాటువైద్యంలో ఎప్పటినుంచో ఉన్నదే. పల్నాడులో ఎండకేం కరువు? వేసవి వస్తే అక్కడి రెంటచింతల పేరు ఎండ తీవ్రతకు పేపర్లో పడాల్సిందే. అయితే బావంచాలకు కావలసింది ఆ వేడి కాదు, కంటికి కనపడని 320–400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి (యూవీఏ). అది ఎంత పడిందో కొలిచే సాధనం నాటువైద్యుడి దగ్గర లేదు. కాస్త ఎక్కువైతే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

1933లో జోయిస్, మంజునాథ్, వెంకట్రావు ఈ గింజల్లోంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అప్పట్లో ఆ మొక్కను సొరాలియా ప్రజాతిలో చేర్చేవారు కాబట్టి దానికి సొరాలెన్ అని పేరొచ్చింది. అది కణంలో చేసే పని బాగా అర్థమైంది మాత్రం మన పేగుల్లో బతికే ఈ.కోలి బ్యాక్టీరియా వల్లనే.

సొరాలెన్ డీఎన్ఏ నిచ్చెన మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. చీకట్లో ఉన్నంతసేపూ పెద్దగా అపకారం లేదు. కాంతి తగలగానే ఒక పోగులోని థైమిన్ అనే భాగాన్ని పట్టుకుంటుంది. ఇంకోసారి తగిలితే ఎదుటి పోగులోని థైమిన్‌నూ బిగించేస్తుంది. పోగులు విడిపోకపోతే డీఎన్ఏకు నకలు తయారుకాదు, కణం పెరగదు. ఈ ముడులను పట్టుకునే ఉపాయం భలే తేలిక. మామూలు డీఎన్ఏను మరిగించి గబుక్కున చల్లారిస్తే పోగులు విడివిడిగానే ఉండిపోతాయి. ముడిపడినవి చల్లారీ చల్లారకముందే మళ్లీ జతకూడతాయి.

మరి బ్యాక్టీరియా ఊరుకుంటుందా? 1973లో ఆర్.ఎస్. కోల్ దాని మరమ్మతు పద్ధతిని వివరించాడు. ముందు ఒక పోగును ముడికి అటూ ఇటూ కత్తిరిస్తుంది. ఏర్పడిన ఖాళీని తనలోనే ఉన్న మరో డీఎన్ఏ ప్రతి చూసి పూడ్చుకుంటుంది. తర్వాత రెండో పోగు పని పడుతుంది. ఈ కత్తిరింపుకు కావలసిన జన్యువు చెడిన బ్యాక్టీరియా రకాలు కొద్దిపాటి మోతాదుకే చస్తాయి. పళ్లెంలో మొలిచిన కాలనీలు లెక్కపెడితే తేడా తెలిసిపోతుంది. 1982లో పారిస్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ లెక్కింపు కూడా అక్కర్లేని పరీక్ష తెచ్చారు. డీఎన్ఏ దెబ్బతింటే బ్యాక్టీరియా ఒక ఎంజైమును తయారుచేస్తుంది, దాంతో ద్రావణం రంగు తిరుగుతుంది. రంగు ముదిరితే దెబ్బ ముదిరినట్టే.

అంతకుముందే 1974లో హార్వర్డ్ వైద్యులు సొరాలెన్ మాత్ర, యూవీఏ దీపం కలిపి సోరియాసిస్‌కు వైద్యం మొదలుపెట్టారు. మచ్చలు మాయమయ్యాయి. 1979కల్లా ఆ రోగుల్లో చర్మ క్యాన్సర్లు పెరుగుతున్నట్టు బయటపడింది. డీఎన్ఏ దెబ్బతింటే క్యాన్సర్‌కు దారితీయవచ్చు కాబట్టి, ఈ.కోలి సంగతి తెలిసినవాళ్లకు అదేమంత ఆశ్చర్యం కాదు. ఇప్పుడు బొల్లికి చాలాచోట్ల సొరాలెన్ జోలికి పోకుండా 311 నానోమీటర్ల కాంతినే వాడుతున్నారు.