జీవశాస్త్రబోధన - ఆరోగ్యవిద్య

మన పాఠశాలలలో జీవశాస్త్రము చదివించుట నేడు క్రొత్త కాదు. మలేరియాజ్వరమునకు కారణమైన దోమజాతి యేదియని యడిగినచో బాలబాలికలు తడుముకొనక ప్రత్యుత్తర మీయగలరు. కాని యట్లు చెప్పిన బాలుడే తన యింటి నీళ్లతొట్టిలో గిలగిల కొట్టుకొనుచున్న పురుగులు దోమపిల్లలని యెరుగకుండుటను మేము పలుమారు చూచితిమి. తెలిసిన విద్యకును చేయవలసిన పనికిని నడుమ నింత యంతర మేల కలిగెను? ఈ శాస్త్రము బోధింపబడిన చరిత్రను కొంత పరిశీలించినగాని దీనికి సమాధానము దొరకదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో సైతము జీవశాస్త్రము చాలకాలము ఉపన్యాసములకే పరిమితమై యుండెను. గురువు చెప్పును, శిష్యుడు వ్రాసికొనును, పరీక్షలో నొప్పగించును. ఈ పద్ధతిని మార్చుటకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు థామస్ హెన్రీ హక్స్‌లీ (1825-1895). డార్విను సిద్ధాంతమును సమర్థించినవానిగా లోక మాతని స్మరించుచున్నది గాని, బడిపంతుళ్లకు ఆయన చేసిన యుపకారము తక్కువది కాదు. 1866లో శరీరధర్మశాస్త్రమునకు బాలబోధ వంటి గ్రంథమును వ్రాసెను. 1870లో ప్రాథమికవిద్యాశాసనము వచ్చినపుడు లండను పాఠశాలామండలికి సభ్యుడుగా నెన్నికయ్యెను. పిల్లలకు శాస్త్రము నేర్పవలెనన్న ముందుగా నుపాధ్యాయులకు నేర్పవలెనని గ్రహించి, 1872లో సౌత్ కెన్సింగ్టనునందు ప్రయోగశాలలో పాఠములు నడపెను. ఉపన్యాసము ముగిసినంతనే విన్నదానిని విద్యార్థి తన చేతితో విప్పి, తన కంటితో చూచి, బొమ్మ గీయవలెను.

ఆ యనుభవమునుండి పుట్టినదే హెన్రీ న్యూవెల్ మార్టినుతో కలసి 1875లో ఆయన ప్రకటించిన ప్రయోగపాఠగ్రంథము. అందు ఈస్టు, అమీబా, బూజు, ఫెర్నుమొక్క, చిక్కుడు, హైడ్రా, మంచినీటి ఆల్చిప్ప, కప్ప మున్నగు కొలదిపాటి జీవులు మాత్రమే కలవు. వేయి పేర్లు వల్లించుటకంటె పది జీవులను చక్కగా నెరుగుట మేలని దాని తాత్పర్యము. మొదట సూక్ష్మజీవులతో నారంభించి కప్పతో ముగించిన యీ గ్రంథము, 1888లో సంస్కరింపబడినపుడు కప్పతోనే యారంభమయ్యెను. సరళమునుండి క్లిష్టమునకు పోవుట శాస్త్రక్రమము. ఎరిగినదానినుండి యెరుగనిదానికి పోవుట బోధనాక్రమము. శిష్యుని సౌకర్యముకొరకు తన క్రమమునే తలక్రిందులు చేయుట కంగీకరించిన పండితుని వినయము మన పాఠ్యగ్రంథకర్తలకు ఆదర్శప్రాయము.

ఇక తెలుగునాటి మాట. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జంతువులనుగూర్చియు శరీరమునుగూర్చియు తెలుగున గ్రంథములు వ్రాసి మార్గదర్శకులైరి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలసి హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. ఆ మండలికై వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును రచించిరి. పరిభాషయే సరిగా నేర్పడని దినములలో వా రొనర్చిన కృషి సామాన్యము కాదు. అయినను, పుస్తకము వచ్చెను గాని పుస్తకముతోపాటు రావలసిన ప్రయోగము మన పల్లెబడులకు రాలేదు.

ఇచట నొక విషయము స్మరింపదగియున్నది. మండలి పుట్టుటకు తొమ్మిదేండ్లకు పూర్వమే, 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఎనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. రెండేండ్లకు పైగా దోమలను కోసి చూచినగాని యది దొరకలేదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన యూరి దోమయే లోకమునకు పాఠము చెప్పెను. మన పిల్లలు మాత్రము దానిని బొమ్మలో చూచి తృప్తి పొందుచున్నారు.

ఈ పాఠమునకు సూక్ష్మదర్శిని యక్కరలేదు. దోమపిల్లలున్న నీటిని గాజుసీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, తరగతిలో నుంచిన చాలును. నీటి యుపరితలమునకు సమాంతరముగా పరుండునది ఎనాఫిలిస్. తల క్రిందుచేసి యేటవాలుగా వ్రేలాడునది క్యూలెక్సు. రెండును గాలికై పైకి రావలసినవే. వేసవి వేడిమిలో వారము పదిదినములలో అవి కోశస్థ దశను దాటి రెక్కలతో నెగురును. దీనిని చూచిన బాలునకు వారమున కొకసారి తొట్టిని ఖాళీచేయవలె నని చెప్పనక్కరలేదు. ఏల వారమో తానే చెప్పును. డెంగీజ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ యింకను గడుసుది. అది పాత్ర లోపలి గోడకు గ్రుడ్లనంటించును. తేమ యారినను అవి నెలలకొలది చావవు. మరల నీరు తగిలిన పొదుగబడును. కావున నీరు పారబోసిన చాలదు, గోడను తోమి కడుగవలెను. జీవి నడవడి తెలియనివానికి ఆరోగ్యసూత్రము వట్టి యాజ్ఞ. తెలిసినవానికి అది యుక్తి.

"ఇవన్నియు బాగుగనే యున్నవి, పరీక్షలో వీని నడుగరుగదా!" యని సాటి యుపాధ్యాయు లనవచ్చును. ఆ మాట యబద్ధము కాదు. కాని దానికిని మన దేశమునందే సమాధానము కలదు. 1972లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో పదునారు మాధ్యమిక పాఠశాలలయందు కిశోర్‌భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సంస్థలు ప్రయోగముల మూలముననే శాస్త్రము నేర్పుట కారంభించెను. పుస్తకము తెరచి చూచి వ్రాయు పరీక్షను, చేతితో చేసి చూపు పరీక్షను అచట ప్రవేశపెట్టిరి. అనేక పాఠశాలలకు వ్యాపించిన యాపద్ధతిని 2002లో ప్రభుత్వము నిలిపివేసెను. అది నిలిచిపోయినను, పరీక్షను మార్చినగాని బోధన మారదనియు, పల్లెబడిలో సైతము రెండును మార్చవచ్చుననియు ముప్పదియేండ్లు నిరూపించియే పోయినది.

కావున పాఠ్యగ్రంథములు కూర్చువారు ప్రతి ప్రకరణమునకును ఇంటిలోనో వీధిలోనో చూడదగిన యొక జీవిని, చేయదగిన యొక పనిని చేర్చవలెను. పరీక్షాధికారులు ఆ పనికి మార్కు లీయవలెను. ఉపాధ్యాయులమైన మేము వారి యుత్తరువులకై యెదురుచూడక ఒక గాజుసీసాతో నారంభింపవచ్చును. వానలు పడిన మరుసటి వారమే యీ పాఠమునకు తగిన కాలము. జ్వరములు వచ్చిన పిమ్మట చెప్పు పాఠము బడిలోనిది కాదు, వైద్యాలయములోనిది.