తాకట్టుకు వెళ్ళిన ఇల్లు



మన రుషికొండకు అరిలోవ ఎంతో దూరం కాదు. 2024 నవంబరులో పి.వి.సింధు అక్కడ తన బ్యాడ్మింటన్ అకాడమీకి శంకుస్థాపన చేసింది. ప్రభుత్వం రెండెకరాలు కేటాయించింది 2021లోనే. "ఇంకేం, మన పిల్లల పంట పండింది" అని సంబరపడ్డవాళ్ళు ఉన్నారు. సంబరమే గాని, స్థలం ఉన్నంత మాత్రాన ఆటల బడి నడవదండీ. సింధు ఆట నేర్చిన అకాడమీ జమాఖర్చుల కథ కాస్త చెబుతాను, వినండి.

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత ఆ కప్పు మన దేశానికి తెచ్చింది ఆయనే. శీతల పానీయం ప్రకటనకు పిలుపొస్తే, పిల్లలకు మంచిది కాని దాన్ని తాగమని నేను చెప్పనన్నాడు. 2003లో ప్రభుత్వం హైదరాబాదు గచ్చిబౌలిలో అయిదెకరాలు లీజుకిచ్చింది. భూమి ఉంది, కట్టడానికి పైకం లేదు. సాయం కోసం ఒక ప్రభుత్వరంగ సంస్థ ఆఫీసులో మూడు రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడట. చివరికి తేలిందేమిటంటే, బ్యాడ్మింటన్ చూసే జనం లేరని! ఆ రాత్రే ఇంటికొచ్చి అమ్మానాన్నలతో, భార్యతో మాట్లాడి ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు.

ఇల్లు తాకట్టంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? ఆ ఇంటి కోడలు పి.వి.వి.లక్ష్మి కూడా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన మనిషే. కప్పుకు ఫొటోలు తీశారు గాని, ఆ రాత్రి ఆ అత్తాకోడళ్ళ ముఖాలు ఎవరూ తియ్యలేదు.

తర్వాత పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లిచ్చారు. వడ్డీ అడగలేదు, ఒలింపిక్ పతకం అడిగారు! 2008లో అకాడమీ తెరిచారు. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం తెచ్చి ఆ బాకీ తీర్చారు.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. షటిల్ కాక్‌కి పదహారు ఈకలు. రెండు మూడు విరిగాయంటే అది తిన్నగా ఎగరదు, పారెయ్యాల్సిందే. గట్టిగా కొట్టే పిల్లలైతే పూటకో డబ్బా ఖాళీ చేస్తారు. మనింట్లో నూనె, పాలు లాగ ఇది రోజూ కొనాల్సిన సరుకు. కోచ్ జీతం, కరెంటు బిల్లు సరేసరి. గోడ కట్టిస్తే రాతిమీద పేరు చెక్కుతారు. విరిగిన ఈకమీద ఎవరి పేరు చెక్కుతారు?

రేపు అరిలోవలో కోర్టులు తయారై, మీ అమ్మాయిని చేర్చడానికి వెళ్ళారనుకోండి. కోర్టులు ఎన్నని అందరూ అడుగుతారు. మీరు మాత్రం షటిల్ కాక్‌లు ఎవరు కొంటారో అడగండి.