కాపాడటమా, కాపలానా?

మా అమ్మాయి హాస్టల్లో చేరినప్పుడు దాని ఫోన్లో లొకేషన్ షేరింగ్ నేనే పెట్టించాను. నెల తిరక్కుండానే "అమ్మా, నన్ను కాపాడుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. అసలు ఆడపిల్లల భద్రత ఫోన్లలోకీ కెమెరాల్లోకీ ఎలా వచ్చిందో ఒకసారి వెనక్కి చూడాలనిపించింది.

2012 డిసెంబరులో ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగాక, 2013 బడ్జెట్‌లో కేంద్రం వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టింది. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. అప్పటికి కాపు కాసింది మఫ్టీలో తిరిగే మనుషులే. అమ్మే ప్రతి కొత్త ఫోన్లోనూ ప్యానిక్ బటన్ ఉండాలన్న నిబంధన 2017 జనవరి నుంచి వచ్చింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, 2020లో ఆంధ్రప్రదేశ్ దిశ యాప్ తెచ్చింది. ఈ బటన్లు, యాప్‌లు మనం పిలిస్తే పలికేవి.

2021 జనవరిలో లక్నో పోలీసులు ఇంకో అడుగు ముందుకేశారు. నగరంలో 200 చోట్ల కృత్రిమ మేధ కెమెరాలు పెడతామని, ఆడవాళ్ల ముఖంలో ఆందోళన కనిపిస్తే అవే పోలీసులకు కబురు పంపుతాయని ప్రకటించారు. అంటే మనం పిలవకపోయినా అవి చూస్తూనే ఉంటాయన్నమాట. తలనొప్పికి మొహం చిట్లించినా కబురు వెళుతుందా? లోపల వణుకుతూ పైకి నవ్వి తప్పించుకోవడం మనలో ఎందరికో అలవాటే. ఆ నవ్వును కెమెరా ఏమని చదువుతుంది?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మన వివరాలు తీసుకున్నవాళ్లు వాటిని భద్రంగా దాచాలి కదా! 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారమే చోరీకి గురైంది. రక్షణ కోసం ఇచ్చిన ఫోన్ నంబరే దొంగ చేతికి చిక్కితే ఎవరితో చెప్పుకోవాలి?

ఇంకో మాట. నేర గణాంకాల ప్రకారం అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. వీధి కెమెరా ఇంటి గడప దాటి లోపలికి చూడలేదు. ఆ సంగతి పిల్ల మనతో చెప్పుకోవాలంటే ముందు మన మీద నమ్మకం ఉండాలి.

అందుకే మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. రాత్రి ప్రయాణాల్లో లొకేషన్ తనే ఆన్ చేస్తుంది, చేరాక తనే ఆపేస్తుంది. 112 నంబరు ఇద్దరికీ కంఠతా వచ్చు. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. కానీ ఇప్పుడు అది చేరగానే తనంతట తనే ఫోన్ చేస్తోంది.

మీ ఇంట్లో ఎలా అనుకున్నారు?