అధ్యాపకుల వెబ్ పుటలు

జెనీవా వద్ద సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించెను. శాస్త్రజ్ఞులు తమ పరిశోధన వివరములను ఒకరికొకరు సులభముగా అందించుకొనుటయే దాని తొలి ఉద్దేశము. 1993లో సెర్న్ దానిని రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టినది. అటుపిమ్మట విశ్వవిద్యాలయములు సర్వర్ అను కంప్యూటరులో అధ్యాపకులకు కొంత చోటు కేటాయించసాగినవి. అందుంచిన పాఠము, సంస్థ చిరునామా చివర అధ్యాపకుని పేరు చేర్చినచో ఎవరికైనను కనిపించును.

అయితే ఆ చోటు సంస్థది. సంస్థ పేరు మారినచో చిరునామాయు మారవచ్చును. పేర్లు మారుట అరుదు కాదు. కాకినాడలోని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల 1946లో ప్రారంభమై, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరి, 2008లో కాకినాడ కేంద్రముగా ఏర్పడిన వేరు విశ్వవిద్యాలయములో భాగమైనది. ఇటువంటి మార్పు వచ్చినపుడు పాత చిరునామా నుండి క్రొత్తదానికి దారి చూపనిచో, విద్యార్థి వ్రాసికొన్న చిరునామా వ్యర్థమగును. పాఠము ఉండియు లేనట్లే.

గోదావరి కాలువలను త్రవ్వుటతో పని తీరలేదు. పూడిక తీయుచునే యుండవలెను. వెబ్ చోటును అంతే. అధ్యాపకుడు బదిలీ అయినను, పదవీ విరమణ చేసినను, అతని పాఠముల నకళ్లను ఎవరు భద్రపరచవలెనో సంస్థ ముందే నిర్ణయింపవలెను.