మారుటేరు వరి ప్రజననకారులు: నూరేళ్ల వారసత్వం

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మారుటేరులో 1925లో, నాటి మద్రాసు ప్రభుత్వ కాలంలో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానం చరిత్రను భవనాల వరుసగానో అధికారుల పట్టికగానో కాక, అక్కడ పనిచేసిన ప్రజననకారుల, అనగా తగిన మొక్కలను జతపరచి కొత్త వంగడాలను రూపొందించే శాస్త్రజ్ఞుల, వృత్తిజీవితాల ద్వారా చెప్పడమే సమంజసం. వారి పేర్లు రైతులోకంలో దాదాపుగా వినిపించవు; మారుటేరుకు సంకేతమైన ఎం.టి.యు. అనే అక్షరాలు, వాటి పక్కన ఒక అంకె మాత్రమే విత్తన సంచి మీద నిలిచాయి.

నాటు రకాల చేలలో మేలైన వెన్నులను ఏరి, ఒక్కొక్క వెన్ను గింజలను విడిగా విత్తి, ఏకరీతిగా పండే వంశాన్ని స్థిరపరచడాన్ని శుద్ధవంశ వరణం అంటారు. అది ఉన్న గుణాన్ని నిలపగలదే గాని లేనిదాన్ని తేలేదు గనుక సంకరణం అవసరమైంది. వరి పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందేది కాబట్టి, ఆడ మొక్కగా ఎంచిన వెన్నులో పువ్వులు విచ్చుకోకముందే ఒక్కొక్క పొట్టు కొనను కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ శ్రావణంతో తీసివేసి, వెన్నుకు కాగితపు సంచి తొడిగి, మగ మొక్క పూత విచ్చుకునే కొద్దిపాటి వేళలో దాని పుప్పొడిని చిలకరించాలి. అలా కట్టిన గింజల తొలి తరం ఒకే తీరుగా ఉన్నా, రెండో తరంలో గుణాలు విడిపోయి మడి మడంతా తలో రూపంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి తరం తరం ఏరుతూ స్థిరపరచి, పలుచోట్ల పరీక్షించి, రైతుల పొలాల్లో పరిశీలనకు చిన్న విత్తన సంచులుగా పంపేసరికి దశాబ్దం గడిచిపోవచ్చు. సంకరణం చేసినవారే విడుదల చూస్తారన్న హామీ ఈ వృత్తిలో లేదు. ఆ ఓర్పే దీని గొప్పతనం.

1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, అంటే స్వర్ణ, ఇందుకు సమున్నతమైన సాక్ష్యం. గోదావరి పాయ పేరు గల వశిష్ట రకాన్ని, మలేషియా నుంచి వచ్చిన మసూరితో సంకరపరచగా పుట్టిన ఈ పొట్టి రకం, పొడవాటి మసూరిలా సులువుగా పడిపోక, తక్కువ నత్రజనితోనూ మంచి దిగుబడినిచ్చి, ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పల్లపు పొలాలకూ బంగ్లాదేశ్‌కూ పాకింది. ఒడిశా నాటు వరి ఎఫ్.ఆర్. 13ఎ నుంచి వచ్చిన సబ్1 జన్యువును, అంటే నీట మునిగినా రెండు వారాల వరకు మొక్కను బ్రతికించే గుణాన్ని, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలోకి చేర్చగా స్వర్ణ-సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది.

మొక్క మొదళ్ల దగ్గర గుంపులుగా చేరి రసం పీల్చి, చేనును వలయాలుగా ఎండగొట్టే సుడిదోమ గోదావరి డెల్టాను పీడించినందున, దాన్ని తట్టుకునే గుణం మారుటేరు పరిశోధనకు ముఖ్య లక్ష్యమైంది. 2000 ప్రాంతంలో వచ్చిన ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, ఆ కృషి ఫలమే. దాని తల్లి మారుటేరు రకమైన కృష్ణవేణి, తండ్రి ఐ.ఆర్. 64; నాలుగు నెలలకే కోతకొచ్చే ఆ పంటను తెలంగాణ రైతులు వెయ్యిపది అని పిలుస్తారు. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన ఆర్.ఎన్.ఆర్. 15048, అంటే తెలంగాణ సోన, ఈ వెయ్యిపదిని జగిత్యాల వంగడం జె.జి.ఎల్. 3855తో సంకరపరచగా వచ్చిన సన్నరకం.