దొరకనిదల్లా పోయినట్టు కాదు



1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదుర ఏలికకు వచ్చాక తెలుగు అక్కడ కొలువు భాష అయింది. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే ‘శ్రీరంగ మాహాత్మ్యం’ తెలుగు వచనంలో రాశాడు. తర్వాత బడిలో తెలుగు అందని ఇళ్లలో మనవాళ్లు తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకున్నారు. తెలుగు లిపి మాత్రమే వచ్చినవారికి ఆ ఉత్తరాల్లో తెలుగు కనిపించదు. అలాగని లేనట్టా?

మదురలోనూ కోయంబత్తూరులోనూ ఇప్పుడు ఆ కాగితాలే స్కాన్ చేసి, అందరికీ అందేలా నెట్‌వర్క్ డిస్కుల్లో పెట్టుకుంటున్నాం. ‘ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, అన్నీ పోయాయి’ అన్న మాట అక్కడా వింటున్నాం. చాలాసార్లు ఏమీ పోలేదు.

మొదటి చిక్కు తలుపుది. ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిని 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. దాని పాత రూపంలోని లోపం గుండానే 2017 మేలో వానాక్రై దేశదేశాల కంప్యూటర్లలోకి చొరబడింది. ఆ అక్టోబరు నుంచి విండోస్ 10లో మొదటి ఎస్‌ఎంబీని క్రమంగా తీసేస్తూ వచ్చారు. 2024 నాటి విండోస్ 11 (24హెచ్2) ప్రోలో పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశమూ ఆగింది. పాత డిస్కు పెట్టెకు ఈ కొత్త మర్యాద తెలియదు.

రెండో చిక్కు అక్షరానిది. ‘మదురై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. 1998లో వచ్చిన మ్యాక్ ఫైల్ పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని విడదీసి దాచేది. అక్కడినుంచి ఉన్నదున్నట్టు లినక్స్ డిస్కుకు నకలు చేస్తే, ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనబడవచ్చు. వెతికితే ఒకటే దొరకవచ్చు.

కాబట్టి తొందరపడి డిస్కు ఫార్మాట్ చేయకండి. మొదటి ఎస్‌ఎంబీని మళ్లీ తెరవకండి. ముందు మరో నకలు తీయండి. పెట్టె సాఫ్ట్‌వేర్ నవీకరించి, ఎవరి పేరు, పాస్‌వర్డ్ వారికి ఇవ్వండి. విడిపోయిన పేర్లను ‘కన్వ్‌ఎంవీ’ లాంటి ఉచిత పనిముట్టుతో ఒక తీరుకు తేవచ్చు.

తమిళ అక్షరాల్లోని ఆ తెలుగును గడగడ చదివే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. ఫోల్డర్ తెరుచుకున్న రోజునే వారి పక్కన కూర్చుందాం.