కోడి కణితి చెప్పిన రహస్యం

1909లో ఒక రైతు తన కోడిపెట్టను న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు తీసుకువచ్చాడు. దాని ఒంటిమీద పెద్ద కణితి ఉంది. పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త ఆ కణితిని నూరి, కణాలు గానీ బాక్టీరియా గానీ దూరలేనంత సన్నని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు ఎక్కించారు. వాటికీ కణితులు లేచాయి! 1911లో ఆయన ఈ సంగతి ప్రకటిస్తే, వైరస్ వల్ల క్యాన్సర్ రావడమేమిటని చాలామంది పెదవి విరిచారు. రౌస్‌కు నోబెల్ బహుమతి 1966లో, 87వ ఏట లభించింది.

ఆ వైరస్‌లో క్యాన్సర్ కలిగించే జన్యువుకు 'సార్క్' అని పేరు. 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్‌ల బృందం ఒక వింత గమనించింది. దాదాపు అదే జన్యువు ఏ జబ్బూ లేని పక్షుల కణాల్లోనూ ఉంది. అంటే అది వైరస్ సొంతం కాదు. ఎప్పుడో కోడి కణం నుంచి ఎత్తుకుపోయినది. మరి ఆరోగ్యంగా ఉన్న కణంలో క్యాన్సర్ జన్యువుకు పనేమిటి?

జవాబు మరో రెండు దారుల్లో వచ్చింది. 1979లో అమెరికాలోని సాల్క్ సంస్థలో టోనీ హంటర్, క్యాన్సర్ వైరస్‌ల ప్రోటీన్లను పరీక్షిస్తున్నారు. ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను కైనేజ్ అంటారు. అప్పటిదాకా తెలిసిన కైనేజ్‌లు సెరీన్, థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలకే ఫాస్ఫేట్ తగిలించేవి. హంటర్ కొత్త ద్రావణం కలుపుకోకుండా పాతదే వాడారు. దాని ఆమ్లత్వం కొద్దిగా పెరిగి ఉండటంతో, మామూలుగా ఒకేచోట కలిసిపోయే రెండు మచ్చలు విడిపోయాయి. కొత్త మచ్చ టైరోసీన్‌ది! సార్క్ కూడా టైరోసీన్ కైనేజే అని త్వరలోనే తేలింది.

రెండో దారి ఎలుక పిల్లల కనురెప్పలది. ఎలుకల లాలాజల గ్రంథుల రసం ఎక్కిస్తే, రెండు వారాలకు తెరుచుకోవలసిన పిల్లల కళ్ళు వారానికే తెరుచుకోవడం స్టాన్లీ కోహెన్ చూశారు. ఆ రసంలోంచి ఆయన వేరుచేసిన పెరుగుదల కారకమే ఇ.జి.ఎఫ్. దాన్ని అందుకొనే గ్రాహకం కూడా టైరోసీన్ కైనేజేనని 1980లో తెలిసింది.

ఈ గ్రాహకం ఎలా పనిచేస్తుంది? కణాన్ని ఇల్లనుకుందాం. గ్రాహకం ఆ ఇంటి కాలింగ్ బెల్. మీట గోడ బయట, గంట గోడ లోపల. ఇ.జి.ఎఫ్. వచ్చి మీట నొక్కగానే రెండు గ్రాహకాలు జతకట్టి, ఒకదాని టైరోసీన్లకు మరొకటి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అక్కడికి ఇతర ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి. కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల చేతులు మారుతూ కేంద్రకానికి చేరుతుంది: 'విభజన చెందు!' పని కాగానే ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, గంట ఆగిపోతుంది.

1984లో లండన్‌లో మైకేల్ వాటర్‌ఫీల్డ్, జూలియన్ డౌన్‌వర్డ్ తదితరులు ఈ గ్రాహకంలోని అమైనో ఆమ్లాల వరుసను పోల్చి చూస్తే, కోళ్ళకు రక్త క్యాన్సర్ తెచ్చే మరో వైరస్ ప్రోటీన్‌తో సరిపోయింది. కాకపోతే వైరస్ ప్రోటీన్‌కు బయటి భాగం చాలావరకు లేదు. మీట ఊడిపోయిన బెల్లు, ఎవరూ నొక్కకుండానే మోగుతోందన్నమాట!

వైరస్ లేకుండానూ ఇలా జరగవచ్చు. ఎలుకల్లోని 'న్యూ' గ్రాహకంలో పన్నెండు వందలకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో ఒక్క వేలీన్ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం చేరితే చాలు, కణం క్యాన్సర్ దారి పడుతుందని రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల 1986లో చూపింది.

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయమని 2004లో స్పష్టమైంది. గెఫిటినిబ్ అనే మందుకు కొందరి ఊపిరితిత్తుల కణితులే ఎందుకు కరుగుతున్నాయని వెతికితే, వారి ఇ.జి.ఎఫ్. గ్రాహకంలో మార్పులు కనిపించాయి. ఉదాహరణకు 858వ స్థానంలో లూసీన్‌కు బదులు ఆర్జినీన్. ఈ మార్పులు చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేవి కావు. జీవితకాలంలో ఏదో ఒక కణంలో ఏర్పడేవి. మందు సరిగ్గా ఆ కైనేజ్ గాడిలో దూరి గంట ఆపుతుంది.

కానీ క్యాన్సర్ ఊరుకోలేదు. 790వ స్థానంలో ఇంకో మార్పుతో కణితులు మళ్ళీ పెరగడం 2005లో బయటపడింది. దానికి విరుగుడైన ఆసిమెర్టినిబ్‌ను 2015లో అమెరికా అనుమతించింది. దానికీ లొంగని కణాలు ఉన్నాయి, పరిశోధన సాగుతూనే ఉంది.

ఒక కోడి, ఎలుక పిల్లల కళ్ళు, ఒక పాత ద్రావణం. ఈ మూడూ కలిసి చెప్పింది ఒక్కటే. క్యాన్సర్ వినిపించే ఆదేశం పరాయిది కాదు; మనల్ని పెంచి పెద్దచేసిన ఆదేశమే, ఆగడం మరిచిపోయింది.